ఇంటికి రెండో కారు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇప్పటికే ఒక కారు ఉన్న ఇంట్లో రెండోది కొనాలా, కొంటే ఎలాంటిది కొనాలి, దానికోసం ఎంతవరకు అప్పు చేయవచ్చు అన్న విషయాలపై వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాము. ఒకే తరహా ప్రశ్నలను కలిపి, పొడవైన ఉత్తరాలను కుదించి ఇస్తున్నాము. అప్పు లెక్కలన్నీ లక్షకు ఎంత అన్న పద్ధతిలో ఇచ్చాము కనుక, మీరు తీసుకునే మొత్తాన్నిబట్టి హెచ్చవేసుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: మా ఇంట్లో ఒక పెద్ద కారు ఉంది. అందులో మావారు ఉద్యోగానికి వెళతారు. నాకు ఈ మధ్యనే ఉద్యోగం వచ్చింది. ఆఫీసు ఎనిమిది కిలోమీటర్ల దూరం, దారిలోనే పాపను బడి దగ్గర దింపాలి. చిన్న కారు తీసుకుందామని ఇద్దరం అనుకున్నాము గానీ, ఆయన కొత్తదే కొనాలంటున్నారు, నేను మూడు నాలుగేళ్లు వాడినదైనా చాలంటున్నాను. ఎవరి మాట సబబు?
– ఒక ఉద్యోగిని

జవాబు: మేమూ మీ మాట వైపే మొగ్గుతాము, అయితే దానికి కారణం ధర ఒక్కటే కాదు. మీరు రాసిన దూరాన్నిబట్టి చూస్తే రోజుకు 16 కిలోమీటర్లు, పనిదినాలన్నీ కలిపి ఏడాదికి సుమారు 4,000, చిల్లర పనులు కలుపుకున్నా 5,000 కిలోమీటర్లు దాటదు. ఇంత తక్కువగా తిరిగే కారుకు ఇంధనం ఖర్చు పెద్ద లెక్కలోకి రాదు. బీమా, పన్ను, ఏటేటా చేయించే సర్వీసు, అన్నిటినీ మించి ధర తరుగు అనేవి బండి కదిలినా కదలకపోయినా మీద పడే ఖర్చులు. కొత్త కారు విలువ మొదటి మూడు నాలుగేళ్లలో వేగంగా పడిపోయి, ఆ తరువాత నిదానంగా తగ్గుతుంది. వేగంగా పడిపోయే ఆ భాగాన్ని మొదటి యజమాని భరించాక మీరు కొంటే, ఏడాదికి 5,000 కిలోమీటర్లు తిరిగే బండి మీద పెట్టవలసిన దానికన్నా ఎక్కువ పెట్టిన బాధ ఉండదు.

ఈ సందర్భంలోనే మైలేజీ గురించి ఒక మాట. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే బండికీ, 22 కిలోమీటర్లు ఇచ్చే బండికీ మధ్య వ్యత్యాసం చాలా పెద్దదిగా తోస్తుంది. కానీ ఏడాదికి 5,000 కిలోమీటర్లకు మొదటిది సుమారు 278 లీటర్లు, రెండోది 227 లీటర్లు తాగుతాయి; తేడా 50 లీటర్లు. ఆ 50 లీటర్ల ధరను మీరు బండిని ఉంచుకోదలచిన సంవత్సరాలతో హెచ్చవేసి, రెండు బండ్ల ధరల మధ్య తేడాతో పోల్చి చూడండి. తక్కువ తిరిగే ఇళ్లలో మైలేజీ కోసం ఎక్కువ ధర పెట్టినవారికి ఆ సొమ్ము తిరిగి రావడం అరుదు.

మీవారి వాదనలోనూ పస లేకపోలేదు. కొత్త బండికి వారంటీ ఉంటుంది, భద్రతా సాధనాలు ఇటీవలివి ఉంటాయి, పైగా అప్పిచ్చే సంస్థలు వాడిన కారుకన్నా కొత్త కారుకు సాధారణంగా తక్కువ వడ్డీ అడుగుతాయి. కనుక రెండు ధరలను కాక, చివరి వాయిదా కట్టేసరికి మొత్తం మీద చేతి నుంచి పోయే సొమ్మును పోల్చాలి. ఆ తేడా స్వల్పమని తేలితే ఆయన మాటే వినవచ్చు.

అన్నిటికన్నా ముందు చేయవలసిన పని వేరే ఉంది. ఒక నెలపాటు ఇంట్లో ఎవరు, ఎన్ని గంటలకు, ఎంత దూరం, ఎంతమందితో, ఎంత సామానుతో వెళ్లారో ఒక కాగితం మీద రాసి పెట్టండి. రెండు బండ్లూ ఒకే గంటలో కావలసి వచ్చిన రోజులెన్ని అన్నదే ఆ కాగితంలో చూడవలసిన అంకె. అలాంటివి నెలకు నాలుగైదు రోజులే అయితే, ఆ రోజులకు అద్దె బండి పిలుచుకోవడమే లాభం. మీ విషయంలో అవి దాదాపు పనిదినాలన్నీ అవుతాయి కనుక కొనడంలో తప్పు లేదు. ఆ కాగితం వల్ల మరో మేలు కూడా ఉంది. చాలామంది రెండో కారును మొదటి కారుకు చిన్న నకలుగా ఎంచుకుంటారు. పెద్ద డిక్కీ ఉందా, దూరప్రయాణంలో ఎక్కుళ్లలో లాగుతుందా అని చూస్తారు. ఆ పనులకు ఇంట్లో ఒక బండి ఉండనే ఉంది. రెండోదానిలో చూడవలసింది బడి ముందు ఇరుకులో ఒక్క తిప్పుతో వెనక్కి తిరగగలదా, పక్కన మరో బండి ఉండగా వెనుక తలుపు పాప దిగేంతగా తెరుచుకుంటుందా, మీరు కూర్చుంటే బానెట్ అంచు ఎక్కడ ఉందో తెలుస్తోందా అన్నవి. పైకి చిన్నగా కనిపించే బండి లోపల ఇరుకుగానే ఉంటుందన్న నియమమూ లేదు. 1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీ పొడవు సుమారు మూడు మీటర్లే అయినా, ఇంజనును అడ్డంగా అమర్చి, ముందు చక్రాలను తిప్పేటట్టు చేయడం వల్ల నేల వైశాల్యంలో అత్యధిక భాగం మనుషులకూ సామానుకూ మిగిలింది. ఈనాటి చిన్న కార్లలో చాలావరకు ఆ అమరికనే అనుసరిస్తున్నాయి.

వాడిన బండిని చూడటానికి వెళ్లినప్పుడు ముందుగా బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. అది వెచ్చగా ఉంటే, మీరు రాకముందే ఇంజను వేడెక్కించి ఉంచారన్నమాట. చల్లటి ఇంజను మొదటిసారి అందుకునేటప్పుడు వినిపించే శబ్దమూ, కనిపించే పొగా చాలా సంగతులు చెబుతాయి కనుక, మరోరోజు పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చేయడం మంచిది. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైన టైరు. తక్కువ తిరిగిన బండికి గాళ్లు అరగకపోయినా రబ్బరు ముదిరిపోయి ఉండవచ్చు. నాలుగు టైర్లూ మార్చవలసి వస్తే ఆ ఖర్చును బేరంలో తగ్గించమని అడగండి. బానెట్ కీళ్లనూ, ముందు మడ్‌గార్డులనూ పట్టి ఉంచే బోల్టుల మీద రంగు చెదిరి ఉంటే వాటిని ఎప్పుడో విప్పారని అర్థం. డిక్కీలో స్టెప్నీ తీసి కింది రేకును చూడండి. అక్కడ మడతలు, కొత్త వెల్డింగు గీతలు కనిపిస్తే బండి వెనుక నుంచి గట్టి దెబ్బ తిన్నదే. చాసిస్ నంబరులో 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి; బండి మీద ఉన్నదీ కాగితాల్లో ఉన్నదీ అక్షరం పొల్లుపోకుండా ఒకటేనా అని వేలు పెట్టి సరిచూసుకోండి. పాత యజమాని అప్పు తీరిందనడానికి అప్పిచ్చిన సంస్థ ఇచ్చిన పత్రం చేతికి వచ్చేదాకా బయానా కూడా ఇవ్వవద్దు. వీటన్నిటి తరువాత, అమ్మేవారికి సంబంధం లేని మెకానిక్ చేత ఒకసారి పరీక్ష చేయించండి. ఆయనకిచ్చే ఫీజు ఈ వ్యవహారం మొత్తంలో మీరు పెట్టే అతి చవకైన ఖర్చు.

ప్రశ్న: మేము కొనబోయే రెండో కారు రోజూ మూడు నాలుగు కిలోమీటర్ల దూరాలే తిరుగుతుంది. డీజిలైతే ఖర్చు తక్కువని మా అన్నయ్య, ఎలక్ట్రిక్ తప్ప వేరేది వద్దని మా అబ్బాయి అంటున్నారు. మాకు పెట్రోలు బండి నడపడమే అలవాటు.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మీ అన్నయ్యగారి సలహా దూరాలు తిరిగేవారికి సరిపోతుంది, మీకు సరిపోదు. ఇటీవలి డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టి ఉంచే వడపోత ఒకటి ఉంటుంది. అందులో నిండిన మసిని కాల్చివేయడానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, అంత వేడి పుట్టాలంటే బండి కొంతసేపు ఆగకుండా, తగిన వేగంతో నడవాలి. మూడు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోయే బండిలో ఆ పని పూర్తి కాదు. హెచ్చరిక దీపం వెలుగుతుంది, దాన్ని పట్టించుకోకపోతే వడపోతనే మార్చవలసి రావచ్చు. ఆ ఖర్చు ముందు డీజిల్ మీద మిగిలినదంతా ఏ మూలకూ చాలదు.

పెట్రోలు ఇంజనుకూ చిన్న దూరాలు అంత మంచివి కావు. ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే ఆయిల్‌లో తేమా, కాలని పెట్రోలూ చేరుతుంటాయి. అందువల్ల కిలోమీటర్ల లెక్క పూర్తికాకపోయినా కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువుకు ఆయిల్ మార్పించాలి, వారానికి ఒకసారైనా ఇరవై ముప్పై నిమిషాలు ఏకబిగిన నడపాలి. ఈ రెండూ పాటిస్తే పెట్రోలు బండి మీకు నిశ్చింతగా పనిచేస్తుంది.

మీ అబ్బాయి మాటను మాత్రం తేలికగా తీసివేయవద్దు. ఎలక్ట్రిక్ బండి మీద జనానికి ఉండే ప్రధానమైన సందేహం దూరప్రయాణం గురించి. ఆ పని మీ ఇంట్లో మొదటి కారుదే కనుక మీ విషయంలో ఆ సందేహానికి చోటు లేదు. చిన్న ఎలక్ట్రిక్ కారు వంద కిలోమీటర్లకు సుమారు 12 నుంచి 16 యూనిట్ల కరెంటు తీసుకుంటుంది. ఇంట్లోని మామూలు సాకెట్ నుంచి గంటకు రెండు యూనిట్లకు పైగా అందినా, రాత్రి నిద్రపోయి లేచేసరికి మీకు చాలా రోజులకు సరిపడా ఛార్జి అవుతుంది. తేల్చుకోవలసిన విషయాలు రెండే: బండి నిలిపే చోట మీ సొంత మీటరు నుంచి వచ్చే సాకెట్ ఉందా, దాని వైరింగు గంటల తరబడి ఆ భారాన్ని మోయగలదా. రెండోది ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చూపించవలసిన విషయమే తప్ప ఊహించవలసినది కాదు. బ్యాటరీకి చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. ఆ కాలంలో సామర్థ్యం ఎంత శాతానికి తగ్గితే మార్చి ఇస్తారో కాగితంలో చదవండి. సొంతంగా ఛార్జి చేసుకునే చోటు లేకపోతే మాత్రం మీ అలవాటైన పెట్రోలే మేలు.

ప్రశ్న: కారు అప్పుకోసం ఇద్దరిని అడిగాను. ఒకరు 8 శాతం అన్నారు, మరొకరు 12 శాతం అన్నారు. మొదటివారి దగ్గరే తీసుకోబోతుండగా, రెండోవారి వాయిదా తక్కువగా ఉందని మా ఆవిడ చూపించింది. అయిదేళ్ల గడువు ఇద్దరిదీ ఒకటే. ఇదెలా సాధ్యం?
– ఒక చిరువ్యాపారి

జవాబు: మీ శ్రీమతి సరిగ్గానే పట్టుకున్నారు. మొదటివారు చెప్పినది ఫ్లాట్ వడ్డీ అయి ఉంటుంది. అంటే మీరు నెలనెలా అసలు తీరుస్తూ వస్తున్నా, మొదటిరోజు తీసుకున్న పూర్తి సొమ్ము మీదనే అయిదేళ్లపాటూ వడ్డీ వేస్తారు. లక్షకు ఏడాదికి 8,000 చొప్పున అయిదేళ్లకు 40,000. అసలుతో కలిపి 1,40,000ను 60 నెలలకు పంచితే వాయిదా 2,333 వస్తుంది. రెండోవారు తగ్గుతూ వచ్చే నిల్వ మీద వడ్డీ వేస్తారు; 12 శాతమే అయినా వాయిదా 2,224 మాత్రమే. మొదటివారి 8 శాతాన్ని ఇదే పద్ధతిలోకి మారిస్తే అది సుమారు 14 శాతం అవుతుంది.

అందుకే ఎంత శాతం అన్న ప్రశ్నతో మొదలుపెట్టవద్దని మా సలహా. నాకు చేతికి ఎంత వస్తుంది, నెలకు ఎంత కట్టాలి, ఎన్ని నెలలు కట్టాలి అని మూడు ప్రశ్నలు అడగండి. చేతికి వచ్చేది అన్నచోట ప్రాసెసింగ్ ఫీజు, అప్పుతో పాటు అంటగట్టే బీమా, పత్రాల ఖర్చు అన్నీ తీసివేసిన మొత్తాన్ని చెప్పించండి. ఆ మూడు అంకెలు ఉంటే ఎవరి దగ్గర చవకో కూడిక, హెచ్చవేత వచ్చినవారెవరైనా చెప్పగలరు. మీ ఇంట్లో ఆ మనిషి ఇప్పటికే ఉన్నారు.

ప్రశ్న: నెలవారీ వాయిదా తక్కువగా ఉంటుందని ఏడేళ్ల గడువు పెట్టుకోమని షోరూమ్‌వారు సలహా ఇస్తున్నారు. మొదటి కారు వాయిదాలు ఇంకా రెండేళ్లు ఉన్నాయి. ఏం చేయమంటారు?
– ఒక బ్యాంకు ఖాతాదారు

జవాబు: 9 శాతం వడ్డీకి, తగ్గే నిల్వ పద్ధతిలో, లక్షకు మూడేళ్లయితే వాయిదా 3,180, మొత్తం వడ్డీ సుమారు 14,500. అయిదేళ్లయితే వాయిదా 2,076, వడ్డీ 24,550. ఏడేళ్లయితే వాయిదా 1,609, వడ్డీ 35,150. అయిదు నుంచి ఏడుకు వెళితే నెలకు 467 తగ్గినట్టు కనిపిస్తుంది, వడ్డీ మాత్రం పది వేలకు పైగా పెరుగుతుంది.

వడ్డీకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఏడేళ్ల అప్పులో మూడేళ్లు క్రమం తప్పకుండా కట్టిన తరువాత కూడా లక్షకు 64,650 బాకీ మిగిలే ఉంటుంది. ఈలోగా బండి విలువ తన దారిన తాను పడిపోతుంది. ముందు కట్టే సొమ్ము తక్కువగా ఉండి, గడువు ఎక్కువగా ఉంటే, ఒక దశలో బండిని అమ్మినా అప్పు తీరని స్థితి వస్తుంది. ఉద్యోగం మారో, ఊరు మారో, ఇంట్లో ఒకరు బండి నడపడం మానేయవలసి వచ్చో రెండో కారును అమ్ముకోవలసిన అవసరం మొదటి కారుకన్నా తరచుగా పడుతుంది. అలాంటి బండి అప్పు ఎప్పుడు అమ్మినా తీరేటట్టు ఉండాలి. అయిదేళ్ల పద్ధతిలో మూడేళ్లకు మిగిలే బాకీ 45,440. మూడేళ్ల పద్ధతిలో ఏమీ ఉండదు.

మీకు మేము చెప్పేది ఇది: మొదటి కారు అప్పు తీరేదాకా ఆగగలిగితే ఆగండి, ఆ వాయిదా సొమ్మును రెండేళ్లు విడిగా దాచి అదే ముందు కట్టే సొమ్ముగా వాడండి. ఆగలేని పరిస్థితి అయితే, అయిదేళ్ల వాయిదాను మోయగల ధరలోనే బండిని చూడండి. ఏడేళ్లకు తప్ప అందని బండి మీ స్తోమతకు మించినదని దాని వాయిదానే చెబుతోంది.

ఇలాంటిదే మరో పథకం కొన్నిచోట్ల చూపిస్తారు. వాయిదాలు తక్కువగా పెట్టి, చివరలో ఒక పెద్ద మొత్తాన్ని ఒకేసారి కట్టమంటారు. అదే 9 శాతానికి, మూడేళ్లకు, చివర 40,000 మిగిల్చితే వాయిదా 3,180 నుంచి 2,208కి తగ్గుతుంది, వడ్డీ 14,500 నుంచి సుమారు 19,500కు పెరుగుతుంది. ఆ 40,000 ఎక్కడినుంచి వస్తుందో ఈరోజే చెప్పగలిగినవారికి తప్ప ఇది తగదు.

ప్రశ్న: వడ్డీ లేని అప్పు అని ప్రకటన చూశాము. నిజంగానే వడ్డీ ఉండదా?
– ఒక గృహిణి

జవాబు: వడ్డీ అన్న పేరు ఉండదు. అదే బండికి పూర్తి సొమ్ము ఒకేసారి ఇస్తే ఎంత తగ్గిస్తారో అడగండి. ఉదాహరణకు లక్షకు 6,000 తగ్గిస్తామన్నారనుకోండి. వడ్డీ లేని పద్ధతిలో 24 నెలలు 4,167 చొప్పున కడితే, నిజానికి మీరు 94,000 అప్పు తీసుకుని లక్ష తిరిగి కట్టినట్టు. అది ఏడాదికి 6 శాతం వడ్డీతో సమానం. ఆరు శాతం మంచి వడ్డీయే కావచ్చు, మీకు నచ్చితే తీసుకోండి, కానీ సున్నా అనుకుని తీసుకోవద్దు. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే దాన్ని కూడా కలిపి చూడండి. నగదుకు కూడా పైసా తగ్గించబోమని రాతపూర్వకంగా చెబితే, ఫీజు కూడా లేకపోతే, అప్పుడు అది నిజంగానే వడ్డీ లేని అప్పు.

ప్రశ్న: రెండో కారు అప్పు తీసుకుని ఏడాదయింది. కొంత సొమ్ము చేతికి వచ్చింది. ముందుగా కట్టేస్తే వాయిదా తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా అని బ్యాంకులో అడిగారు. ఏది మంచిది?
– ఒక ఇంజనీరు

జవాబు: గడువు తగ్గించుకోవడమే మంచిది, తేడా కూడా చిన్నది కాదు. లక్ష అప్పు, 9 శాతం, అయిదేళ్లు అనుకుందాం. పన్నెండు వాయిదాలు కట్టేసరికి బాకీ 83,400 దగ్గర ఉంటుంది. అప్పుడు 20,000 కట్టి, పాత వాయిదా 2,076నే కొనసాగిస్తే, మిగిలిన 48 నెలల అప్పు 35 నెలల్లో తీరిపోతుంది, సుమారు 7,300 వడ్డీ మిగులుతుంది. అదే 20,000 కట్టి వాయిదాను 1,578కి తగ్గించుకుంటే మిగిలే వడ్డీ 3,900 మాత్రమే.

అయితే రెండు జాగ్రత్తలు. ముందుగా కట్టినందుకు రుసుము ఉందేమో అప్పు పత్రంలో చూడండి. అది మిగిలే వడ్డీలో ఎక్కువ భాగాన్ని మింగేస్తే తొందరపడవలసిన పని లేదు. అలాగే, అయిదారు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా సొమ్ము విడిగా లేకపోతే, వచ్చిన సొమ్మంతా కారు అప్పులో పోయవద్దు. అవసరం వచ్చినప్పుడు అంతకన్నా ఎక్కువ వడ్డీకి చేబదులు తేవలసి వస్తుంది.

ప్రశ్న: చిన్న కారు ప్రమాదంలో నిలబడదని అందరూ భయపెడుతున్నారు. రెండేళ్ల బాబును అందులో తీసుకువెళ్లాలి. అయిదు నక్షత్రాలు వచ్చిన చిన్న కారైతే పెద్ద కారుతో సమానమేనా?
– ఒక తల్లి

జవాబు: సమానం కాదు, కానీ భయపెట్టినంతగానూ కాదు. వెయ్యి కిలోల కారు, రెండు వేల కిలోల కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొని, ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోతే, రెండూ కలిసి పెద్ద కారు వెళుతున్న దిక్కుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. పెద్ద కారులోని వారికి వేగంలో వచ్చే మార్పు 33, చిన్న కారులోని వారికి 67. మనిషి శరీరం తినే దెబ్బ ఈ మార్పును అనుసరించి ఉంటుంది. అందువల్లనే, కార్లను ఢీకొట్టించి పరీక్షించి, భద్రతను బట్టి నక్షత్రాలిస్తూ 1997 నుంచి ఫలితాలు ప్రకటిస్తున్న యూరో ఎన్‌క్యాప్ వంటి సంస్థల నక్షత్రాలను దాదాపు ఒకే బరువున్న కార్ల మధ్యనే పోల్చాలి. పరీక్షలు కాలక్రమంలో కఠినమవుతూ వస్తున్నాయి కనుక నక్షత్రాల పక్కన సంవత్సరం కూడా చూడాలి; పదేళ్ల కిందటి అయిదు నక్షత్రాలు ఈనాటి అయిదు నక్షత్రాలు కావు.

మీ బండి తిరిగేది ఊళ్లో, తక్కువ వేగంతో అయితే ఈ ముప్పు చాలా తగ్గుతుంది. అయినా కొన్నిటి దగ్గర రాజీ పడవద్దు. బండి జారినప్పుడు దానంతట అదే అదుపు చేసే స్థిరత్వ నియంత్రణ ఉండాలి. వాడిన బండ్లలో ఒకే పేరున్న మోడల్‌లో కూడా చవక రకాలకు ఇది లేకపోవచ్చు. పక్క నుంచి తగిలే దెబ్బను ఆపే ఎయిర్‌బ్యాగులు ఉన్నాయా అని అడగండి. వెనుక సీటు మధ్యలో కూడా భుజం మీదుగా వచ్చే బెల్టు ఉండాలి.

బాబు సీటును షోరూమ్‌కు వెంట తీసుకువెళ్లి అమర్చి చూడండి. వెనుకకు తిరిగి ఉండే సీటు చిన్న కారులో పట్టాలంటే ముందు సీటును బాగా ముందుకు జరపవలసి వస్తుంది. అలా జరిపాక ముందు కూర్చున్నవారి మోకాళ్లు డాష్‌బోర్డుకు తగులుతున్నాయా, అది డ్రైవరు సీటైతే స్టీరింగుకు తగినంత ఎడం ఉందా అన్నది బ్రోచరు చెప్పదు. సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయని రాసి ఉన్నా, అవి కుషన్ లోతుల్లో ఉండి చెయ్యి దూరని కార్లు కూడా ఉన్నాయి.

ప్రశ్న: మా తమ్ముడు తన భార్యకోసం చిన్న కారు తీసుకుంటూ, అప్పుకు నన్ను హామీ సంతకం పెట్టమంటున్నాడు. నామమాత్రమేనని అంటున్నాడు. పెట్టవచ్చా?
– ఒక అక్క

జవాబు: హామీ సంతకం నామమాత్రం కాదు. అతను కట్టకపోతే మీరు కట్టవలసిందే. ఆలస్యమైన వాయిదాల మచ్చ మీ పేరుకూ అంటవచ్చు, రేపు మీరు సొంతంగా అప్పుకు వెళ్లినప్పుడు దీన్ని మీ భారంగానే లెక్కించవచ్చు. అతని వాయిదాను ఒక ఏడాదిపాటు మీరే కట్టవలసి వచ్చినా మీ ఇల్లు గడుస్తుందా అని వేసుకోండి. గడుస్తుందనుకుంటే, గడువు అయిదేళ్లకు మించకుండా, అప్పు ఖాతా వివరాలు మీకూ అందేటట్టు ఏర్పాటు చేయించుకుని సంతకం పెట్టండి. గడవదనుకుంటే, మీకు వీలైనంత సొమ్ము ముందు కట్టే మొత్తంలో సాయంగా ఇచ్చి సంతకం మాత్రం మానుకోండి. అక్కాతమ్ముళ్ల మధ్య ఇచ్చిన సొమ్ము తిరిగి రాకపోయినా అది అక్కడితో ఆగుతుంది, సంతకం అలా ఆగదు.

ప్రశ్న: రెండో కారు ఎక్కువ తిరగదు కదా, ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమే వర్తించే బీమా చాలదా?
– ఒక రైతు

జవాబు: అప్పు తీరేదాకా చాలదు. చాలా అప్పు పత్రాల్లో పూర్తి బీమా ఉండాలన్న షరతు ఉంటుంది, లేకపోయినా ఉంచుకోవడం మీకే మంచిది. బండి పూర్తిగా పాడైపోతే బీమా సంస్థ లెక్కగట్టేది ఆనాటి విలువనే తప్ప మీ బాకీని కాదు. పూర్తి బీమా కూడా లేకపోతే లేని బండికి వాయిదాలు కట్టవలసి వస్తుంది. ఎండలో, వానలో బయట నిలిపి ఉంచే బండికి దొంగతనం, వరద, చెట్టుకొమ్మ విరిగిపడటం వంటి ముప్పులు అది తిరగకపోయినా ఉంటాయి. ప్రీమియం తగ్గించుకోవాలంటే, ప్రతి క్లెయిములో మొదటి కొంత మొత్తాన్ని మీరే భరిస్తామని ఒప్పుకునే పద్ధతి ఉందేమో అడగండి; చిన్న గీతలకు క్లెయిము వేయనివారికి అది లాభసాటి. అప్పు తీరిపోయి, పూర్తి బీమాకు అదనంగా కట్టే ప్రీమియం బండి విలువలో చెప్పుకోదగ్గ భాగం అయిన ఏడాది నుంచి మీరన్న బీమాకు మారవచ్చు.